క్వాంటమ్ కోర్సుకు ముందు మూడు స్విచ్చుల లెక్క

ఈ ఏడాది నన్ను ఎక్కువమంది విద్యార్థులు అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘సర్, క్వాంటమ్ కోర్సు ఏది చేస్తే బాగుంటుంది?’ అడగడంలో తప్పేం లేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అన్నారు. ఇక ఊరూరా సర్టిఫికెట్ కోర్సులు పుట్టుకొచ్చాయి. ఫీజులు వేలల్లో. ఒక అమ్మాయి, సీఎస్‌ఈ మూడో ఏడాది, అలాంటి కోర్సు బ్రోచర్ తెచ్చి నా బల్లమీద పెట్టింది. ‘ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ ఉంది సర్. ఈ డబ్బు కూడా పెట్టాలా?’ అంది.

సిలబస్ చూశాను. మొదటి వారం ‘గణిత పరిచయం’, రెండో వారం నుంచి ప్రోగ్రామింగ్. ఆ గణిత పరిచయంలో ఉన్నదంతా ఆ అమ్మాయి బీటెక్ మొదటి సెమిస్టర్‌లో పాసైన ఎం1లోనే ఉంది. ‘ఐగెన్ వెక్టర్ అంటే ఏంటమ్మా?’ అనడిగాను. లాంబ్డా తీసేసి డిటర్మినెంట్ సున్నా చేయడం గడగడా చెప్పింది. ‘అది ఎలా కనుక్కోవాలో చెప్పావు. అదేంటో చెప్పు’ అన్నాను. నవ్వేసింది.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. డిగ్రీలో నాకూ అదే పరిస్థితి. మా లెక్చరర్ ‘ఇది ష్యూర్ క్వశ్చన్, స్టెప్పులు గుర్తుపెట్టుకోండి చాలు’ అనేవారు. గుర్తుపెట్టుకున్నాను, మార్కులు పూర్తిగా వచ్చాయి. నేను రాసిందేమిటో అర్థం కావడానికి మాత్రం మరో ఆరేళ్లు పట్టింది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. క్వాంటమ్ మీద ఆసక్తి ఉంటే ముందు కొనాల్సింది కోర్సు కాదు, ఒక లాంగ్ నోట్‌బుక్. నేర్చుకోవాల్సింది లీనియర్ ఆల్జీబ్రా. అదీ పరీక్ష కోసం కాకుండా, చూడటం కోసం. ‘ఎన్నిసార్లు విన్నాం ఈ మాట’ అనుకుంటున్నారు కదూ? అందుకే మాటలతో వదిలేయకుండా ఒక లెక్క చేయిస్తాను. పెన్ను తీసుకోండి.

స్విచ్ బోర్డు దగ్గర మొదలుపెడదాం

గోడమీద మూడు స్విచ్చులున్న బోర్డు ఊహించుకోండి. ఒక్కో స్విచ్ ఆన్ లేదా ఆఫ్. మొత్తం 8 స్థితులు. ఒక్కో స్థితికి కాగితం మీద ఒక చుక్క పెట్టండి. ఒక్క స్విచ్ నొక్కితే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి వెళ్లగలిగితే ఆ రెండు చుక్కల మధ్య గీత గీయండి. బొమ్మ పూర్తయ్యాక చూస్తే అది ఘనం, అదేనండీ, మన పాచిక ఆకారం.

గణితంలో చుక్కలు, గీతలున్న ఇలాంటి బొమ్మను గ్రాఫ్ అంటారు. ఈ గ్రాఫ్‌కు ఒక గుణం ఉంది. ఏ చుక్క మీద నిలబడి చూసినా లోకం ఒకేలా కనిపిస్తుంది. మీ నుంచి ఒక అడుగు దూరంలో ముగ్గురు, రెండడుగుల దూరంలో ముగ్గురు, మూడడుగుల దూరంలో ఒక్కరు. పైగా దూరం తెలిస్తే చాలు, అక్కడి నుంచి ముందుకు ఎన్ని దారులు, వెనక్కి ఎన్ని దారులు అన్నది తేలిపోతుంది. ఇలాంటి వాటిని దూర-క్రమ గ్రాఫ్‌లు అనుకుందాం. బాగా సౌష్ఠవం ఉన్న గ్రాఫ్‌ల కుటుంబమిది.

మామూలుగా అయితే 8 చుక్కలకు 8×8 మ్యాట్రిక్స్ రాయాలి. 64 గళ్లు. కానీ అన్నీ ఆఫ్‌లో ఉన్న స్థితి దగ్గర నిలబడి, ‘ఎన్ని ఆన్‌లో ఉన్నాయి’ అన్న లెక్కతో అంతస్తులుగా విడగొడితే 1, 3, 3, 1 వస్తాయి. అంతస్తు నుంచి అంతస్తుకు దారులు లెక్కపెట్టండి. సున్నా అంతస్తు నుంచి పైకి 3 దారులు. ఒకటో అంతస్తులో ఏ చుక్క నుంచైనా కిందికి 1, పైకి 2. రెండో అంతస్తు నుంచి కిందికి 2, పైకి 1. చివరి దాన్నుంచి కిందికి 3. దీన్ని మ్యాట్రిక్స్‌గా రాస్తే:

0 3 0 0
1 0 2 0
0 2 0 1
0 0 3 0

దీన్ని ‘ఎ’ అందాం. 64 గళ్ల పని 16 గళ్లకు వచ్చింది. అందులోనూ ప్రధాన వికర్ణం, దానికి ఆ పక్కా ఈ పక్కా ఉన్న గీతలు తప్ప మిగతాదంతా సున్నాలే. ఇలాంటి దాన్ని ట్రైడయాగనల్ మ్యాట్రిక్స్ అంటారు. ఒక అడుగులో పక్క అంతస్తుకే వెళ్లగలం కదా, అందుకని ఆ రూపం.

ఇప్పుడు ఎం1లో చేసినట్టే ఐగెన్ విలువలు కట్టండి. 3, 1, −1, −3 వస్తాయి. సిల్వెస్టర్ 1854లోనే గమనించిన మ్యాట్రిక్సుల వరస ఇది. స్విచ్చులు ఎన్నయినా విలువలు ఇలాగే రెండేసి తేడాతో దిగుతూ వస్తాయి. ఐగెన్ వెక్టర్లను నిలువు వరుసలుగా పేర్చితే ఈ పట్టిక వస్తుంది:

1 3 3 1
1 1 −1 −1
1 −1 −1 1
1 −3 3 −1

దీన్ని ‘పి’ అందాం. నమ్మకం లేకపోతే రెండో నిలువు వరుసను ‘ఎ’తో గుణించండి. 3, 1, −1, −3 అన్న వెక్టర్ చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది, ఎందుకంటే దాని ఐగెన్ విలువ 1. ఆ తర్వాత ‘పి’ని ‘పి’తోనే గుణించండి. వికర్ణంలో అన్నీ 8లు, మిగతా అన్నీ సున్నాలు. అంటే ఈ పట్టికకు విలోమం కావాలంటే దాన్నే 8తో భాగిస్తే సరి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అసలు విషయం ఇప్పుడే వస్తుంది.

వియ్యాలవారి మర్యాద

3, 1, −1, −3లను వికర్ణంలో పెట్టి, మిగతా గళ్లన్నీ సున్నాలు చేసి ఇంకో మ్యాట్రిక్స్ రాయండి. అది ‘డి’. ఒక్కో అంతస్తుకు ఒక్కో చీటీ అంటించినట్టు. ‘డి’ తన సొంత చూపులో వికర్ణ రూపంలో ఉంది, దానికి ‘ఎ’ ట్రైడయాగనల్‌గా కనిపిస్తోంది. ఇప్పుడు ‘ఎ’ ఇంట్లోకి వెళదాం, అంటే ‘ఎ’ ఐగెన్ వెక్టర్లనే ఆధారంగా తీసుకుందాం. అక్కడ ‘ఎ’ వికర్ణ రూపంలోకి వస్తుంది. మరి ‘డి’ ఎలా కనిపిస్తుంది? పి, డి, పి మూడింటినీ గుణించి 8తో భాగించి చూడండి. ట్రైడయాగనలే! అదీ మనం స్విచ్చులు లెక్కపెట్టి రాసిన మొదటి పట్టికే, అంకె తేడా లేకుండా.

వియ్యంకుల ఇళ్ల సంగతి తెలుసుగా. ఈ ఇంటికి ఆయన వస్తే ఆయన అతిథి, ఆ ఇంటికి ఈయన వెళ్తే ఈయన అతిథి, మర్యాదలు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఒకరి ఐగెన్ ఆధారంలో ఇంకొకరు ట్రైడయాగనల్‌గా కనిపించే ఇలాంటి జంటకు లియొనార్డ్ జంట అని పేరు. పేరు డగ్లస్ లియొనార్డ్‌ది. సరిగ్గా ఈ ‘అటూ ఇటూ’ లక్షణమున్న బహుపదులన్నీ ఎక్కడి నుంచి వస్తాయో ఆయన 1982లో నిరూపించారు. అవన్నీ ఆస్కీ-విల్సన్ బహుపదులనే ఒకే పెద్ద కుటుంబంలోనివి. ఆ సిద్ధాంతాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ టెర్విలిగర్ బహుపదుల భాష నుంచి లీనియర్ ఆల్జీబ్రా భాషలోకి తెచ్చారు. 2001లో వచ్చిన ఆయన పేపర్‌లోని నిర్వచనం అర్థం కావడానికి కావలసిందల్లా మీ ఎం1లో ఉన్నదే. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు సంతోషం కన్నా ఉక్రోషమే ఎక్కువ కలిగింది. ఇంత దగ్గరగా ఉన్న దాన్ని ఎవరూ కిటికీ తీసి చూపించలేదే అని.

మన పట్టిక దగ్గరికి వద్దాం. ‘డి’లోని 3, 1, −1, −3 ఎక్కడి నుంచి వచ్చాయో ఇంకో విధంగా చూడొచ్చు. ఒక స్థితిలో ముందు ఒక స్విచ్ వేసి, తర్వాత ఒకటి ఆపి, మళ్లీ అదే స్థితికి ఎన్ని విధాల రావచ్చు? ముందు ఆపి, తర్వాత వేసి ఎన్ని విధాల రావచ్చు? మొదటి దాన్నుంచి రెండోది తీసేయండి. అన్నీ ఆఫ్‌లో ఉంటే 3−0=3. ఒకటి ఆన్‌లో ఉంటే 2−1=1. తర్వాత −1, చివర −3. అవే అంకెలు! మరి వేరే స్థితికి చేరే దారుల సంగతి? మొదటి స్విచ్ ఆన్‌లో ఉన్న స్థితి నుంచి రెండోది ఆన్‌లో ఉన్న స్థితికి వెళ్లాలంటే, వేసి ఆపడానికి ఒక దారి, ఆపి వేయడానికి ఒక దారి. తేడా సున్నా. అంటే ‘వేయడం’, ‘ఆపడం’ అనే రెండు పనుల వరస మారిస్తే వచ్చే తేడాయే ‘డి’. ఆ రెండు పనుల మొత్తమే ‘ఎ’.

ఫిజిక్స్ చదివినవారికి ఈపాటికి ఎక్కడో గంట మోగి ఉంటుంది. స్పిన్ 3/2 కణానికి రాసే మ్యాట్రిక్సులు ఇవే, కొలమానం కాస్త మార్చితే. ఎస్ఎల్2 అనే లీ ఆల్జీబ్రా ప్రాతినిధ్యం అంటారు దీన్ని. దానికి గుర్తుగా ఒక సమీకరణం: ఎఎడి − 2ఎడిఎ + డిఎఎ = 4డి. పై వరసలోని మొదటి గడి వరకైనా చేసి చూడండి: 9 − 6 + 9 = 12, అంటే 4×3. స్విచ్ బోర్డుకు స్పిన్ గురించి ఏం తెలుసు? ఏమీ తెలియదు. తెలిసింది మ్యాట్రిక్సుకు.

మూడు మూడున్నర అయిన వేళ

ఇప్పుడు ‘క్వాంటమ్ గ్రూప్’ దగ్గరికి. ముందే ఒక హెచ్చరిక: క్వాంటమ్ గ్రూప్ అనేది క్వాంటమ్ కంప్యూటర్ భాగం కాదు. నిజానికి అది గ్రూపు కూడా కాదు, ఒక ఆల్జీబ్రా. 1980ల మొదట్లో లెనిన్‌గ్రాడ్‌లో కులిష్, రెషెటిఖిన్‌ల పనిలో ఎస్ఎల్2కు కొత్త రూపం కనిపించింది. 1985 ప్రాంతంలో డ్రిన్‌ఫెల్డ్, జింబో విడివిడిగా దాన్ని సాధారణ సిద్ధాంతంగా నిలబెట్టారు. సారాంశం ఏమిటంటే, పాత ఆల్జీబ్రాలోకి ‘క్యూ’ అనే ఒక మీట వస్తుంది. క్యూని 1 దగ్గర పెడితే పాత లోకం, కదిపితే అంకెలు మెల్లగా వంగుతాయి. భౌతిక శాస్త్రంలోని కచ్చితంగా సాధించగల నమూనాల నుంచి పుట్టిన మీట అది.

దాన్ని కాగితం మీద చూడాలంటే అదే స్విచ్ బోర్డు చాలు. ఈసారి ఆట నియమం మారుద్దాం. అన్నీ ఆఫ్‌లో ఉన్న స్థితిని పక్కన పెడితే మిగిలేవి 7 స్థితులు. రెండు స్థితులను ‘కలపడం’ అంటే ఒకదాని మీద ఒకటి వేయడం, ఆన్ మీద ఆన్ పడితే ఆఫ్. ఏ రెండు స్థితులు కలిపినా మూడోది ఒకటి వస్తుంది. ఆ మూడింటినీ ఒక ‘గీత’ అనండి. 7 బిందువులు, లెక్కపెడితే గీతలు కూడా 7. ఒక్కో గీత మీద 3 బిందువులు, ఒక్కో బిందువు గుండా 3 గీతలు. ఇది ఫానో తలం. ఇప్పుడు నిచ్చెన కట్టండి: అడుగున సున్నా ఒక్కటి, పైన 7 బిందువులు, ఆపైన 7 గీతలు, చిట్టచివర మొత్తం తలం ఒక్కటి. 1, 3, 3, 1 స్థానంలో 1, 7, 7, 1.

మళ్లీ అదే ప్రశ్న. పైకెక్కి దిగి అక్కడికే వచ్చే దారులు ఎన్ని, దిగి ఎక్కి అక్కడికే వచ్చే దారులు ఎన్ని? అడుగున 7−0=7. బిందువు దగ్గర 3−1=2. గీత దగ్గర 1−3=−2. కొసన −7. వేరే బిందువుకు వెళ్లే దారుల తేడా మళ్లీ సున్నాయే, ఎందుకంటే రెండు బిందువులకు ఉమ్మడిగా ఉండే గీత ఒక్కటే, ఉమ్మడి అడుగు ఒక్కటే. గీతలకూ అంతే. 3, 1, −1, −3 కాస్తా 7, 2, −2, −7 అయింది.

ఈ నాలుగు అంకెల్లోంచి 2ను బయటికి తీయండి. 3.5, 1, −1, −3.5 మిగులుతాయి. 1 ఒకటిగానే ఉంది, 3 మాత్రం మూడున్నర అయింది. క్వాంటమ్ గ్రూపుల వాళ్లను ‘క్యూ-3 ఎంత’ అని అడిగితే మీట వర్గం, దానికి 1, దానికి ఆ వర్గం విలోమం కలపమంటారు. మీట వర్గం 2 అనుకుంటే 2 + 1 + 0.5 = 3.5. మన ఫానో తలం ఇచ్చిన అంకె అదే! ఇది కాకతాళీయం కాదు. ఎక్కడం, దిగడం అనే ఆ రెండు పనులు సరిగ్గా క్వాంటమ్ ఎస్ఎల్2 నియమాలనే పాటిస్తాయి, మీట విలువ 2కు వర్గమూలం. స్విచ్‌కు రెండు స్థితుల బదులు మూడో ఐదో ఉన్న క్షేత్రం తీసుకుంటే ఆ సంఖ్య వర్గమూలమే మీట అవుతుంది. ఒక పక్క క్యూ అంటే క్షేత్రంలో ఎన్ని అంకెలున్నాయన్న లెక్క. ఇంకో పక్క అది భౌతిక శాస్త్రజ్ఞుల వంపు మీట. రెండింటికీ ఒకే అక్షరం పెట్టుకున్నారు, ఒకే సూత్రాల్లోకి వచ్చి కూర్చుంది.

ఈ నిచ్చెనల నుంచే గ్రాస్‌మన్ గ్రాఫ్‌లనే సౌష్ఠవ గ్రాఫ్‌ల కుటుంబం వస్తుంది. ఇలాంటి ‘అటూ ఇటూ’ లక్షణమున్న గ్రాఫ్‌లలో పెద్ద వ్యాసం ఉన్నవాటన్నింటినీ వర్గీకరించాలని బన్నాయ్, ఇటో 1984 నాటి పుస్తకంలో లక్ష్యం పెట్టారు. అది ఇప్పటికీ పూర్తికాలేదు. మధ్యలో 2005లో వాన్ డామ్, కూలెన్ ఒక కొత్త కుటుంబాన్ని బయటపెట్టారు. అంకెలన్నీ గ్రాస్‌మన్ గ్రాఫ్‌లవే, కానీ అన్ని చుక్కలూ ఒకేలాంటివి కావు. అంకెలు చెప్పే సౌష్ఠవం వేరు, కళ్లకు కనిపించే సౌష్ఠవం వేరు అని అందరికీ గుర్తొచ్చింది.

ఇందులో మనవాళ్లు

ఇదంతా ఎక్కడో అమెరికా, జపాన్‌ల వ్యవహారం అనుకుంటే పొరపాటు. ఈ గ్రాఫ్‌ల ఆల్జీబ్రాకు ఒక పెద్ద వేరు కోల్‌కతాలో ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్.సి. బోస్, కె.ఆర్. నాయర్ 1939లో ప్రయోగాల రూపకల్పన కోసం ఒక పద్ధతి రాశారు. ఏ మడిలో ఏ వంగడం వేస్తే పోలిక న్యాయంగా ఉంటుంది అన్నలాంటి ప్రశ్నలవి. అందులోంచి అసోసియేషన్ స్కీమ్ అనే భావన ఎదిగింది. 1959లో బోస్, మెస్నర్ కలిసి దానికి మ్యాట్రిక్సుల ఆల్జీబ్రా కట్టారు. దూర-క్రమ గ్రాఫ్‌లు చదివే ప్రతివారూ నేటికీ దానితోనే మొదలుపెడతారు. పొలం గట్ల మీద మొదలైన లెక్క క్వాంటమ్ గ్రూపుల దాకా నడిచింది.

అదే ఏడాది శ్రీఖండే 16 చుక్కల గ్రాఫ్ ఒకటి చూపించారు. 4×4 చదరంగం గళ్లలో ఏనుగు కదలికల గ్రాఫ్‌కూ దానికీ ఐగెన్ విలువలు అచ్చంగా ఒకటే. కానీ గ్రాఫ్‌లు వేరు. ఒక చుక్క దగ్గర నిలబడి దాని ఆరుగురు పొరుగువాళ్లను మాత్రమే చూడండి. ఏనుగు గ్రాఫ్‌లో వాళ్లు రెండు త్రిభుజాలుగా ఉంటారు, శ్రీఖండే గ్రాఫ్‌లో చుట్టూ చేతులు పట్టుకుని షడ్భుజంగా ఉంటారు. దూరం నుంచి తెలియనిది ఒక చోట నిలబడితే తెలుస్తుంది. ఒక చుక్కను ఎంచుకుని అక్కడి నుంచి చూసే ఆల్జీబ్రాను టెర్విలిగర్ 1990ల మొదట్లో కట్టారు. మనం స్విచ్ బోర్డుతో చేసింది దాని చిన్న నమూనాయే.

ఇక సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి, అదే కోల్‌కతా సంస్థకు వెళ్లిన తెలుగు మనిషి. 1940లలో ఆయన ప్రవేశపెట్టిన ఆర్థోగోనల్ అర్రేలు ఫ్యాక్టరీల నాణ్యత పరీక్షల దాకా వెళ్లాయి. 1973లో డెల్సార్ట్ ఏం చూపించారో తెలుసా? తప్పుల్ని సరిదిద్దే కోడ్‌లూ, రావు గారి అర్రేలూ అసోసియేషన్ స్కీమ్‌లో ఒకదానికొకటి ప్రతిబింబాలు. ఒకదాని పరిమితిని అద్దంలో చూస్తే రెండోదాని పరిమితి. మళ్లీ అదే వియ్యంకుల మర్యాద. రావు గారి పేరుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక సంస్థ ఉంది. ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లే ఎంతమంది విద్యార్థులకు ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

సరే, ఉద్యోగం మాటేంటి?

‘ఇదంతా బాగుంది సర్, క్వాంటమ్ కంప్యూటింగ్‌కు దీంతో ఏం పని?’ అని అడుగుతారు. ఒక్కటి చెబుతాను. క్వాంటమ్ చిప్‌లో సమాచారాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు చెడకుండా పంపాలి. వరసగా ఉన్న కణాల మధ్య బంధాలన్నీ సమాన బలంతో ఉంటే, మూడు కణాలు దాటాక ఇది పూర్తిగా సాధ్యం కాదు. 2004లో క్రిస్టాండల్, దత్తా, ఎకర్ట్, లాండల్ ఒక ఉపాయం చూపించారు. నాలుగు కణాలుంటే బంధాల బలాలు √3, 2, √3 నిష్పత్తిలో పెట్టండి. నిర్ణీత సమయానికి మొదటి కణం స్థితి చివరి కణం దగ్గరికి చెక్కుచెదరకుండా చేరుతుంది. ఆ √3, 2, √3 ఎక్కడివి? మన మొదటి పట్టికలో ఎదురెదురుగా ఉన్న జంటల్ని గుణించండి: 3×1, 2×2, 1×3. వర్గమూలాలు తీయండి. వాళ్లు చేసింది కూడా అదే, ఘనాన్ని అంతస్తులుగా మడవడం. ఐగెన్ విలువలు సమాన దూరంలో ఉండటమే రహస్యం.

అయితే ఇది చదివితే రేపే ఉద్యోగం వస్తుందని చెప్పను. చెబితే ఆ బ్రోచర్ వేసినవాళ్లకూ నాకూ తేడా ఉండదు. ఈ రంగంలో పరిశోధన సీట్లు తక్కువ, దారి పొడుగు. ఇంట్లో లోన్ ఉన్నవాళ్లకు ‘అన్నీ వదిలేసి గణితం చదువు’ అనే హక్కు నాకు లేదు. నా వాదన చిన్నది. మూడు నెలల కోర్సులో నేర్చుకునే సాఫ్ట్‌వేర్ పేరు మూడేళ్లలో మారిపోతుంది. మ్యాట్రిక్సును రెండు ఇళ్ల నుంచి చూడటం అలవాటైనవాడు మాత్రం ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా దాని మాన్యువల్‌లో భయపడే పేజీ ఉండదు. మెషీన్ లెర్నింగ్ అన్నా, సిగ్నల్ ప్రాసెసింగ్ అన్నా, క్వాంటమ్ అన్నా లోపల తిరిగేది ఇదే చక్రం.

నిజంగా మనసు పడినవారికి దారులు లేకపోలేదు. ఇంటర్ తర్వాతైతే ఐఎస్ఐలో బీస్టాట్, బీమ్యాథ్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, మన తిరుపతి ఐసర్. డిగ్రీ తర్వాత జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ, లేదంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం. పైచదువుకు ఎన్‌బీహెచ్‌ఎం స్కాలర్‌షిప్ ఉంది. ఎంట్రన్స్ తేదీలు మీరే చూసుకోండి, ఏటా మారుతుంటాయి. లెక్కలు చేతితో చేశాక సరిచూసుకోడానికి సేజ్‌మ్యాథ్ ఉచితం. గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలు, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు కూడా ఉచితమే. చేత్తో చేయకముందే సేజ్‌లో వేయొద్దని మాత్రం బతిమాలుతున్నాను.

కాలేజీలకు ఒక మాట. ఎం1 ప్రశ్నపత్రంలో ‘కేలీ-హామిల్టన్ సరిచూడుము’ అన్నది ఒక్క ఏడాది తీసేసి, ‘ఈ గ్రాఫ్‌ను అంతస్తులుగా విడగొట్టి మ్యాట్రిక్స్ రాయుము, ఐగెన్ వెక్టర్ల అర్థం రెండు వాక్యాల్లో చెప్పుము’ అని అడగండి. ఫలితాల శాతం పడిపోతుందని భయపడతారు, తెలుసు. మొదటి ఏడాది పడొచ్చు కూడా. ‘క్వాంటమ్’ అని బోర్డు మీద రాసుకున్న కాలేజీకి ఆ మాత్రం ధైర్యం ఉండాలి.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. కోర్సులో చేరలేదు. పది సాయంత్రాలు స్విచ్ బోర్డుతో కుస్తీ పట్టింది. ‘పి’ని ‘పి’తో గుణిస్తే 8లు వచ్చిన రోజున వరండాలోంచే కేకేసింది. తర్వాత ప్లేస్‌మెంట్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకుంది, లోన్ కడుతోంది. శనివారాలు నాలుగు స్విచ్చుల లెక్క చేస్తోంది. అంతస్తులు 1, 4, 6, 4, 1. విలువలు 4, 2, 0, −2, −4. ‘పి’ వర్గంలో 16లు. అంతవరకూ సరిగ్గానే వచ్చింది. ఫానో తరహా నిచ్చెనలో తేడాలు 15, 6, 0, −6, −15 అని కూడా పట్టుకుంది. కానీ మధ్య అంతస్తులో 35 గీతలు రావాలి, తనకు 34 వచ్చాయి. పోయిన ఆ ఒక్క గీత ఎక్కడుందో ఫోన్లో చెప్పొద్దని ముందే ఒట్టు వేయించుకుంది.

మీకూ చెప్పను. ఒక ఆధారం మాత్రం ఇస్తాను: 15 బిందువుల్లో జంటలు 105, ఒక్కో గీత మీద జంటలు మూడు.